ఒక్కసారే చెప్పే మనిషి

కోదాడ బస్టాండు ఎదురుంగ కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ చూసి ఆగిపోయిన. పైన పూలదండ, నడుమ ఫోటో. ఫోటోల మనిషి నవ్వుతలేడు. ఆ ఫోటో తీసేటోడు ఏం తప్పు చేస్తున్నడో కనిపెడుతున్నట్టు చూస్తున్నడు. ఆ చూపుతోటే గుర్తుపట్టిన. కింద ఇట్ల అచ్చేసిండ్రు: మంచి మనిషి, మంచి మనసు, మంచి మాట, మంచికి మారుపేరు.

దుఃఖం తర్వాత వచ్చింది. ముందు కోపం వచ్చింది. ఆయన బతికి ఉంటే జేబులకెల్లి ఎర్ర రీఫిల్ పెన్ను తీసి, మొదటి 'మంచి'ని ఉంచి మిగిలినవాటికి సున్నాలు చుట్టి, ఆ ఫ్లెక్సీ కొట్టిచ్చినోని చేతిల పెట్టి, "తీసుకుపో బాబూ, మనిషి గురించి రాసుకుని రా" అనేటోడు. చచ్చిపోయిన మనిషికి తన కాగితం మీద కూడా పెత్తనం ఉండదు.

ఫ్లెక్సీ మీద పేరు ఉన్నది. నేను రాయను. ఆయన తన నోటితోటి నాకు ఏనాడూ చెప్పుకోని పేరు నేనెందుకు చాటాలె? సూర్యాపేటల అందరూ టైపు సారు అనేటోళ్ళు. నేనూ అదే అంట.

కింది మూలకు, రేపు పెద్దకర్మ అని ఉన్నది. మేనకోడలి ఇంటికి వచ్చి తిరిగి పోతున్నోణ్ణి మళ్ళ దాని ఇంటికే నడిచిన. "ఏంది మామా, బస్సు దొరకలేదా?" అన్నది. "దొరికింది, ఎక్కలే" అన్న. ఇంకేం అడగలే. నా సంగతి దానికి ఎరుకే.

ఆయన దుకాణం సూర్యాపేట బస్టాండు వెనక సందుల, ఒక లాడ్జి మెట్ల కింద ఉండేది. నిటారుగా నిలబడితే తల తగులుతది. ఒక టేబులు, దాని మీద తెలుగు టైపు మిషను, రెండు స్టూళ్ళు, గోడకు ఒక అద్దం. టైపు దుకాణంల అద్దం ఎందుకని అడిగిన. "పని మారదామనుకునేవాడు తన మొహం చూసుకుంటూ రాయించుకోవాలి" అన్నడు. ఇట్లాంటి మాటలు మాట్లాడే మనిషిని నేను మొదటి రోజు నుంచే ఓ కంట కనిపెడుత.

ఆయన దగ్గరికి వచ్చేటోళ్ళు ఎక్కువమంది చేస్తున్న పని ఇడిసిపెట్టి ఇంకో పని కోసం అర్జీ పెట్టుకునేటోళ్ళే. బీడీలు చుట్టి చుట్టి వేళ్ళు మొద్దుబారి అంగన్‌వాడీల ఆయా పని అడిగే ఆడవాళ్ళు. లారీ దిగి స్కూలు బస్సు ఎక్కుదామనుకునే డ్రైవర్లు. గొర్లు అమ్మేసి అటెండరు కొలువు కోసం తిరిగే మనుషులు. మెట్ల కింద తల వంచి లోపలికి రాంగనే, ఆయన వాళ్ళను అప్పటికి చేస్తున్న పనితోటి కాదు, కాబోయే పనితోటి పిలిచేటోడు. "రావయ్యా అటెండరూ, కూర్చో." "ఆయమ్మా, కాగితం ఇటివ్వు." గొర్ల మంద ఇంకా ఊర్లనే ఉన్న మనిషి, అటెండరూ అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసేటోడు, ఇంకెవరన్న వచ్చిండ్రా అని.

ఆయనకు ఒక్కటే పట్టింపు. ఒక కాగితంల బరువైన మాట ఏదైనా ఒక్కసారే రావాలె. రెండోసారి వస్తే ఎర్ర సున్నా.

ఒక లారీ డ్రైవరు రాసుకొచ్చిన కాగితం చదువుతుంటే నేను ఉన్న. కష్టపడి బండి నడిపిన, కష్టపడి ఇల్లు నడిపిన, కష్టపడి పిల్లలను చదివించిన, మీరు ఈ కొలువు ఇస్తే ఇంకా కష్టపడత అని రాసుకొచ్చిండు పాపం. టైపు సారు అన్నిటికీ సున్నాలు చుట్టి, "ఏం కష్టం నాయనా? ఒక్కటి చెప్పు" అన్నడు.

"అంటే సారూ... అన్నీ కష్టాలే."

"అన్నీ వద్దు. ఒక్కటి."

"ఘాట్‌ల దిగుతుంటే బ్రేకు పోయింది సారూ. ముందర పెండ్లి బస్సు ఉన్నది. లారీని కొండకు రుద్దుకుంట దించిన. బస్సుకు తగలనియ్యలే."

"ఇది రాస్తాను. స్కూలు పిల్లల్ని ఎక్కించుకునే బండి నీకు ఇవ్వకపోతే ఇంకెవరికి ఇస్తారు? కష్టం అని వేరే రాయక్కరలేదు."

ఇది మంచి పనే. నేను కాదంటలేను. కానీ ఆ పట్టింపు కాగితం దాటి బజారుల పడ్డది. ఆటోవాడు సందు మొదట్ల నిలబడి "మిర్యాలగూడ మిర్యాలగూడ మిర్యాలగూడ" అని అరిస్తే మెట్ల కింది నుంచి తల బయటపెట్టి, "అబ్బాయ్! ఊరు ఒకటే కదా, ఒకసారి పిలువు" అనేటోడు. ఆటోవాడు తక్కువోడా? "సారూ, ఒక్కసారి పిలిస్తె నువ్వొక్కనివే ఎక్కుతవ్. నా డీజిలుకు ఎట్ల?" అనేటోడు. చాయ్ అమ్మే ఆమె చక్కెర ఎయ్యాల్నా సారూ అని అడిగితే, "చెప్పాను కదమ్మా" అనేటోడు. "ఎప్పుడు చెప్పినవ్ సారూ, పోయిన ఎండకాలం చెప్పినవ్!" అని ఆమె నెత్తి కొట్టుకునేది. చక్కెర సంగతి మాత్రం మళ్ళ చెప్పలే. ఆమె అందాజుగ ఎంతేస్తే అంత తాగేటోడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలె. చెప్పకపోతే ఈయన మీద నాకు అంత అనుమానం ఎందుకో మీకు తెల్వదు.

నేను మిర్యాలగూడల ఒక రైసుమిల్లుల కాంటా దగ్గర పనిచేసేటోణ్ణి. బడికి పోలే. గోనెసంచుల మీది అచ్చు చూసి, దుకాణాల బోర్డులు చూసి, బెల్లం చుట్టిన పేపరు ముక్కలు చదివి అక్షరాలు పట్టుకున్న. పాత యజమాని పోయి కొడుకు కుర్చీల కూసున్నడు. పట్నంల కార్ల షోరూముల పనిచేసి వచ్చిన పిలగాడు. వడ్లను కూడా కారు సామాను లెక్క చూసిండు. వచ్చిననాటి తూకం, మరకు పోసేనాటి తూకం కలవలేదని నన్ను పిలిచిండు.

"పచ్చి వడ్లు ఎండితే తూకం తగ్గుతది సేటూ" అన్న.

"ఎండిపోయినయా, ఎత్తుకపోయినయా?" అన్నడు. హమాలీలందరి ముందర.

మెడల తువ్వాల తీసి కాంటా మీద పెట్టి బయటికొచ్చిన. అంత పెద్ద కాంటా, తువ్వాలకు ముల్లు కూడా కదలలే. నేను బస్టాండు చేరేలోపలనే కథ తిరగబడ్డది. దొంగతనం దొరికితే ఎల్లగొట్టిండ్రట అని. ఎవరు వెళ్ళగొట్టిండ్రు? నా కాళ్ళతోటి నేను వచ్చిన! ఎవరికి చెప్పినా తల ఊపేటోళ్ళు, ఆ ఊపుడుల నాకు ఒప్పుకున్నట్టు కనబడలే. ఏ మిల్లోడూ పని ఇయ్యలే. ఇంటామె బజారుకు పోవుడు బంద్ చేసింది. ఇగ అక్కడ ఉండలేక సూర్యాపేటకు వచ్చి బామ్మర్ది ఇంటి పక్కన కిరాయికి దిగినం.

అప్పుడే బజారు వ్యాపారులు కొందరు కలిసి పెట్టిన పఠనాలయంల మనిషి కావాలన్నరు. తలుపు తీసుడు, పేపర్లు సర్దుడు, పుస్తకాలు ఇచ్చి తీసుకునుడు. జీతం తక్కువనే. కానీ పుస్తకాలు పెట్టిన బీరువా తాళంచెవి నా చేతికి ఇస్తే, దొంగ అన్న మాట అబద్ధమని ఊరికంతా ఎరుకైతది. నాకు కావాల్సింది ఆ తాళంచెవి. అర్జీ పెట్టుకోవాలె, వెనకట పనిచేసిన చోట కూడా కనుక్కుంటం అన్నరు. వెనకటి చోటంటే ఆ మిల్లే కదా.

రెండు కాగితాల నిండ రాసుకుని మెట్ల కింద దూరిన.

"రండి లైబ్రేరియన్ గారూ."

"గేలి చేస్తున్నవా సారూ?"

"గేలికి రేటు వేరే ఉందండి. కాగితం ఇవ్వండి."

చదివిండు. ఎర్రపెన్ను తీసిండు. సున్నా మీద సున్నా. నా రెండు కాగితాలు గురిగింజల లెక్క అయినయి.

"దొంగను కాను అని వాక్యం వాక్యానికీ రాశారేంటండీ?"

"నిజం కాబట్టి రాసిన."

"నిజమే కావచ్చు. కానీ అది అన్నిసార్లు చదివేవాడికి 'కాను' కనిపించదు, దొంగే కనిపిస్తాడు. కమిటీవాళ్ళు ఈ కాగితం చూసి ముందు బీరువా తాళం వేసుకుంటారు." ఇంకో సున్నా చుట్టిండు. "ఈ మిల్లు ఒకటి. ఎక్కడ చూసినా మిల్లే. అందులోంచి బయటికి వచ్చానంటున్నారు, ఎక్కడ వచ్చారు? ఇంకా కాంటా పక్కనే నిలబడి ఉన్నారు. ఈ రెండు మాటలూ లేకుండా మీ గురించి చెప్పండి."

అవి రెండూ తీసేస్తే నా దగ్గర ఏమున్నది? ఈ మనిషి నన్ను ఉత్త చేతులతోటి నిలబెట్టిండని ఒళ్ళు మండింది.

"మధ్యాహ్నం తిండి వేళ ఏం చేసేవారు?" అన్నడు.

"ఏం చేస్త? అన్నం తినేటోణ్ణి."

"తిన్నాక?"

"పేపరు చదివేటోణ్ణి."

"మీలో మీరేనా?"

"నాలో నేను చదివితే హమాలీలకు ఎట్ల ఇనబడతది? బయటికే చదివేటోణ్ణి."

టైపు మిషను టకటకమన్నది. నేను చెప్పుకుంట పోయిన. అన్నం గిన్నెలు కడుక్కుని వాళ్ళంతా బస్తాల మీద కూసునేది. కూలి రేట్ల వార్త ఉంటే మళ్ళొకసారి చదువు మామా అనేది. ఒకడు వార్త వినడు, సినిమా బొమ్మ చూపెట్టమంటడు. ఇంటి దగ్గర్నుంచి ఉత్తరం వస్తే పక్కకు తీసుకపోయి చదివించుకునేది, ఏడ్చేది ఉంటే అక్కడే ఏడ్చేది. ఒక హమాలీకి సంతకం నేర్పిన, వాడు గోడల నిండ అదే గీసి యజమానితోటి తిట్లు తిన్నడు. వానాకాలం బస్టాండు నుంచి నడిచి వస్తుంటే పేపరును అంగీ లోపల సంకల పెట్టుకునేటోణ్ణి.

"మీరు తడిసేవారు కదా?"

"నేను తడిస్తే ఎండుత. పేపరు తడిస్తే ఎట్ల చదవాలె?"

మిషను ఆగింది. నన్ను చూసిండు. "ఇదీ" అన్నడు. ఒక్క మాట. మళ్ళ కొట్టుడు మొదలుపెట్టిండు.

కాగితం తీసి చదివి వినిపిస్తే సగం పేజీ కూడా లేదు. అందులో ఉన్నది నేనే. కానీ నా మీద జరిగిన అన్యాయం ఏది? నా కోపం ఏది? అసలు దాన్ని తియ్యమని ఈయనకు ఎవరన్న చెప్పిండ్రా? అదే అడిగిన.

అద్దం దిక్కు చెయ్యి చూపించిండు. "మీ మొహం మీద ఉందండి. కమిటీవాళ్ళు అక్కడ చదువుకుంటారు."

ఒకటి రెండు అచ్చు తప్పులు ఉన్నయి, సాఫు కాపీ ఎల్లుండి తీసుకపొమ్మన్నడు. ఎల్లుండి పోయిన. సందు మలుపు తిరిగిన్నో లేదో, మెట్ల కింది నుంచి వంగి బయటికి వస్తున్న మనిషిని చూసి నా కాళ్ళు ఆగినయి. మా మిల్లు గుమాస్తా. యజమాని కుడిచెయ్యి. మిర్యాలగూడల ఉండాల్సినోడు సూర్యాపేటల, అదీ నా అర్జీ ఉన్న దుకాణంలకెల్లి వస్తున్నడు. నన్ను చూసి మొహం తిప్పుకుని బస్టాండు దిక్కు పోయిండు.

లోపలికి ఉరికిన. "ఆ గుమాస్తా ఎందుకొచ్చిండు?"

"కాగితం రాయించుకోవడానికి."

"నా మీదనా?"

"అవును. కమిటీవాళ్ళు అడిగారట, మీరెలాంటివారో రాసి పంపమని."

"రాసిచ్చినవా?"

"ఖాళీ చేతులతో వెళ్ళాడు."

"నిజం చెప్పు సారూ."

తల లేపలే. రిబ్బను సరిచేస్తున్నడు.

"నిన్నే. రాసిచ్చినవా, లేదా?"

"చెప్పాను కదండీ."

"మళ్ళ చెప్పు."

"రెండోసారి చెప్పాల్సి వస్తే మొదటిది అబద్ధమై ఉండాలి" అన్నడు.

మీరే చెప్పండి, ఇది మనిషి మాట్లాడే మాటనేనా? మా దిక్కు పంచాయితీల పెద్దమనుషులు ఒక్క సంగతిని మూడుసార్లు అడుగుతరు. పొద్దున ఒకసారి, చాయ్ తాగినంక ఒకసారి, లేచిపోయేముందు ఒకసారి. నిజం చెప్పేటోడు మూడుసార్లూ అదే మాట, అదే తీరు చెప్తడు. మాట మార్చిండా, మాట మింగిండా, వాని పని ఖతం. నేను ఆ పంచాయితీల నడుమ పెరిగినోణ్ణి. రెండోసారి అడిగితే చెప్పనోణ్ణి ఏమనుకోవాలె? అమ్ముడుపోయినోడు అనుకోవాలె. నేను అట్లనే అనుకున్న. సాఫు కాపీ గుంజుకుని, చాయ్ వద్దని బయటపడ్డ.

కమిటీ ముందుకు పోయిననాడు నా దగ్గర రెండు కాగితాలు ఉన్నయి. ఒకటి ఆయన టైపు కొట్టింది. ఇంకోటి ఎర్ర సున్నాలు తీసేసి నేనే మళ్ళ రాసుకున్నది, నా మాటలన్నీ ఉన్నది. టైపు కాగితమే ఇచ్చిన. మంచిగ కనబడుతది కదా అని, అంతే. కమిటీ పెద్ద రిటైరయిన హెడ్మాస్టరు. ఆయన ముందు ఒక అట్ట ఫైలు. అందుల నా అర్జీ పెట్టిండు. కింద ఇంకా కాగితాలు ఉన్నయి. ఆ కింది కాగితాల మీదనే నా చూపు.

"మిల్లు ఎందుకు వదిలిండ్రు?" అన్నడు.

నేను దొంగను అని నోట్లకెల్లి వచ్చింది. 'కాను' వచ్చేలోపల ఆ ఎర్రపెన్ను కండ్లల్ల మెదిలింది. ఆగిన. హెడ్మాస్టరు కండ్లద్దాలు పైకి తోసుకున్నడు.

"వడ్లు ఎండితే తూకం తగ్గుతదని కొత్త యజమానికి చెప్పిన సార్. ఆయన వినలే. చెప్తే వినేటోళ్ళ దగ్గర చేద్దామని వచ్చిన."

పక్కన కూసున్న ధాన్యం వ్యాపారి పకపక నవ్విండు. "ఎండితే తగ్గక పెరుగుతయా!" అన్నడు. ఫైలు మూసిండ్రు. తాళంచెవి ఇచ్చిండ్రు.

తాళంచెవి అయితే వచ్చింది. కానీ ఆ ఫైలు హెడ్మాస్టరు ఇంటికి పోయింది. అందుల గుమాస్తా కాగితం ఉన్నదా లేదా? ఉన్నా నన్ను తీసుకుని, కనిపెడదామని చూస్తున్నరా? అడిగితే లేనిది తవ్వినట్టు అయితది. అడగకపోతే అనుమానం తెగదు. అందుకే రోజూ సాయంత్రం ఆఖరికి లేచే పాఠకుణ్ణి ఆపి, వాని ముందర బీరువా సర్ది, వాని ముందర తాళం వేసేటోణ్ణి. "మాకెందుకు చూపెడుతున్నవ్ తాతా?" అనేటోళ్ళు. "చూడుర్రి, పోయేదేమున్నది" అనేటోణ్ణి. కమిటీల హెడ్మాస్టరు మారిండు, ఇంకొకాయన వచ్చిండు. ఆయన నన్ను చూసి నవ్వినా, నవ్వకపోయినా నాకు ఆ ఫైలే యాదికొచ్చేది.

కొలువు వచ్చినంక టైపు సారు నన్ను లైబ్రేరియన్ గారూ అనుడు మానేసిండు. "ఏమయ్యా" అనేటోడు. అడిగితే, "అయిపోయారు కదా, ఇంకెందుకు?" అన్నడు. వారానికి ఒకసారి పఠనాలయానికి వచ్చేటోడు. పేపరు చదువుకుంట ఎర్రపెన్ను తీసేటోడు. వార్తల ఒకే మాట మళ్ళ వస్తే సున్నా. "సారూ, పది మంది చదివే పేపరు!" అని నేను అరిచేది. "పది మందికీ ఉపయోగమే" అనేటోడు. దుకాణంల కంప్యూటరు పెట్టుకున్నడు కానీ దానితోటి పడలే. వచ్చిన పిల్లలు ఒకని అర్జీ చూసి, పేరు మార్చి అదే కొట్టియ్యమనేటోళ్ళు. "ఈ మిషనుకు చెప్పిందే చెప్పడం తప్ప ఇంకేం రాదు" అని విసుక్కునేటోడు.

గుమాస్తా సంగతి నేను ఊకోలే. సూటిగ అడిగిన, తిప్పి అడిగిన, చాయ్ తాగించి అడిగిన. ఒక్కసారి కూడా మళ్ళ చెప్పలే. ఇంకో అనుమానం కూడా తోడైంది. సారూ, ఈ పనికి ముందు ఏం చేసేటోనివి అని అడిగితే, ప్రెస్సులో అచ్చులు పేర్చాను అన్నడు. ఇంకోసారి అడిగితే, సినిమా హాల్లో టికెట్లు చింపాను అన్నడు. మరోసారి, కాలువ సర్వేలో గొలుసు పట్టాను. ఆ మీద, దవాఖానలో చీటీలు రాశాను. అడిగిన ప్రతిసారీ కొత్త బతుకు! చూసిండ్రా, ఒక్క మనిషికి ఇన్ని ముందటి జన్మలు ఉంటయా? నాలుగుసార్లు అడిగితే నాలుగు జవాబులు చెప్పినోని మాటల, ఖాళీ చేతులతో వెళ్ళాడు అన్న మాట ఏ బుట్టల వెయ్యాలె?

తర్వాత కండ్లు మసకబారినయని దుకాణం తీసేసి కోదాడల ఇంటి పట్టున ఉన్నడని విన్న. పోయి చూద్దామని అనుకోకపోలే. పోతే మళ్ళ అడుగుత, ఆయన మళ్ళ చెప్పడు. ఎందుకని ఊకున్న.

కొత్త రాష్ట్రం వచ్చిన యేడు వానకాలం అది. పెద్దకర్మ నాడు ఇంటి ముందర షామియానా వేసిండ్రు. ఆయన భార్య సన్నటి మనిషి, కుర్చీల ఓ మూలకు కూసున్నది. సూర్యాపేట నుంచి వచ్చిన, సారు నాకు అర్జీ రాసిండని చెప్పిన. చావింట్ల అడగొచ్చా అంటే, నేను అడగకుండ ఉండలే.

"అమ్మా, సారు ప్రెస్సుల పనిచేసిండా?"

"చేశారండీ. పెళ్ళినాటికి అదే పని."

"సినిమా హాల్ల?"

"ప్రెస్సు మూసేశాక. నన్ను ఒక్క సినిమాకి ఊరికే పంపలేదు."

"కాలువ సర్వేల?"

"అక్కడే మలేరియా తగిలింది."

"దవాఖానల?"

"ఆ మలేరియాకి చేర్పిస్తే, తగ్గాక అక్కడే చీటీలు రాసే పనిలో కుదిరారు."

నేను కుర్చీల వెనక్కి జారిన. "మరి నేను అడిగినప్పుడల్లా ఒక్కొక్కటే చెప్పిండు గదమ్మా!"

"చెప్పింది మళ్ళీ చెప్పే మనిషి కాదు కదండీ" అన్నది. "నాతో కూడా అంతే. ఓసారి కూర బాగుందన్నారు. ఇక జన్మంతా దానితోనే సరిపెట్టుకున్నాను." నవ్వబోయి కొంగు అడ్డం పెట్టుకున్నది.

అప్పుడే వెనక నుంచి ఎవరో భుజం తట్టిండ్రు. "కాంటా మామా, గుర్తుపట్టినవా?"

తల నెరిసినా ఆ మొహం మరిచిపోతనా? గుమాస్తా. "పట్టకుంట ఉంటనా? ఆనాడు మొహం తిప్పుకుని పోతివి కదా!"

"కూసో మామా. ఇయ్యాల తిట్టు, పడత" అని నా పక్కన కుర్చీ గుంజుకున్నడు. "ఆ రోజు యజమాని చెప్పినట్టు రాసుకపోయిన. దొంగ, పాత దొంగ, ఇంటి దొంగ, వడ్ల నమూనాలు కూడా ఎత్తుకపోయే దొంగ అని. టైపు కొట్టించి, కమిటీకి ఇచ్చి రమ్మన్నడు. టైపు సారు ఎర్రపెన్ను తీసి అన్నిటికీ సున్నాలు సుట్టి ఒక్క దొంగను ఉంచిండు. సరే, ఇతను ఏం తీసుకుపోయాడు అన్నడు. వడ్లు అన్న. ఎప్పుడు, దేంట్లో, ఎవరు చూశారు అన్నడు. నేనేం చెప్పాలె మామా? ఎవలు సూసిండ్రు? నువ్వు సంకల పేపరు పెట్టుకుని వచ్చుడు సూసినం కానీ, బస్తా పెట్టుకుని పోవుడు సూడలే."

"అయితే?"

"ఒక మాట ఉంచాను కదండీ, దానికి తోడు ఇంకో మాట తెచ్చుకుని రండి, టైపు కొడతాను అన్నడు. స్టూలు మీద కూసుని ఎంతసేపు ఆలోచించినా దొరకలే. లేచి వచ్చిన. ఎదురుంగ నువ్వు. సిగ్గయి మొహం తిప్పుకున్న."

"యజమానికి ఏం చెప్పినవ్?"

"ఇచ్చొచ్చిన అన్న. ఆయన మళ్ళ అడగలే. కమిటీకి మిల్లు నుంచి చిత్తు కాగితం కూడా పోలే మామా." "తర్వాత నేను కూడా ఆయనతోటే అర్జీ రాయించుకుని మిల్లు ఇడిసిన. ఇప్పుడు హాస్టలు స్టోరుల ఉన్న."

ఆ ఫైలుల ఏమీ లేదు. ఎన్నడూ లేదు. పన్నెండేండ్లు నేను ఎవని ముందరో తాళం వేసుకుంట బతికిన! ఖాళీ చేతులతో వెళ్ళాడు అని ఇంకొక్కసారి అంటే ఆయన నోటి ముత్యాలు రాలిపోయేవా? ఆ మొండితనాన్ని నేను మెచ్చను. ఇయ్యాల కూడా మెచ్చను. మనిషి ముందర మనిషి కాళ్ళూ చేతులూ ఆడక నిలబడి అడుగుతుంటే చెప్పాలె. పదిసార్లు అడిగితే పదిసార్లు చెప్పాలె.

మైకుల ఒకాయన మాట్లాడుతున్నడు. మంచి మనిషి అన్నడు. తర్వాత వచ్చినాయన మంచి మనిషి అన్నడు. ఎవరో ఫ్లెక్సీ చూసి అదే చదివిండు. నాకు కూసున్న దగ్గర కూసోబుద్ధి కాలే. "సూర్యాపేట నుంచి పెద్దాయన వచ్చారు, వారూ ఒక మాట చెప్తారు" అని పిలిచిండ్రు.

పోయి మైకు పట్టుకున్న. ఏం చెప్పాలె? ఏమీ తయారు చేసుకోలే. ఎర్ర సున్నాలన్నీ తీసేస్తే నా దగ్గర మిగిలింది ఒక్కటే.

"టైపు సారు చెప్పిన మాట నేను నమ్ముతున్న" అన్న.

ఆ క్షణాన కరెంటు పోయినట్టున్నది, మైకు మూగబోయింది. వెనక వరుసలకెల్లి, "వినపడలేదండీ! మళ్ళీ చెప్పండి" అని అరిచిండ్రు. గుమాస్తా ఉరికొచ్చి మైకును అరచేతితోటి తట్టిండు. "వస్తది మామా, ఇప్పుడొస్తది. మళ్ళొకసారి అను."

మైకు వాని చేతిల పెట్టిన. ముందర మూలకు కూసున్న ఆయన భార్య నన్నే చూస్తున్నది. ఆమెకు వినబడ్డది.

"చెప్పిన కదా" అని వచ్చి కూసున్న.